నెల్లూరు హరనాథపురంలో మన వీధి మొదట్లో సూపర్ మార్కెట్ వస్తోంది, మీరేమంటారు?

మూడోవీధి_లక్ష్మి
మినీ బైపాస్ నుంచి మన వీధిలోకి తిరిగే మూలమీద పాత కల్యాణ మండపం పడగొట్టారు కదా, అక్కడ సూపర్ మార్కెట్ కడుతున్నారు. రేకుల కంచెకు బోర్డు కూడా కట్టేశారు. కింద సెల్లారు, పైన మూడు అంతస్తులు అని మేస్త్రీ చెప్పాడు. సరుకులు దగ్గర్లో దొరికితే ఎవరికి చేదు? నా టెన్షన్ వేరు. స్థలానికి బైపాస్ వైపు ముఖం ఉన్నా, గేటు గుంత మాత్రం మన వీధి వైపు తవ్వారు. పొద్దున ఎనిమిదికి స్కూల్ బస్సు, ఆటోలు, పాలవాళ్లు అందరూ తిరిగేది అక్కడే. సరుకుల లారీ అడ్డంగా పెట్టి దించుతుంటే పిలకాయలు ఎటు నడుస్తారు? ఆ గోడవారనే ఆకుకూరల ఆమె, పూలామె కూర్చుంటారు. వాళ్ల సంగతేంది? మన వీధుల వాళ్లు ఏమనుకుంటున్నారో తెలుసుకుందామని రాస్తున్నాను.

పెన్నాగట్టు
రానీయండి. అభివృద్ధి అంటే ఇదే కదా.

సరుకులసంచి
నాకైతే సంతోషంగా ఉంది. నెల సరుకుల కోసం ట్రంకురోడ్డు వైపు పోవాలంటే ఆటోకి పోనూ రానూ డబ్బులు. వాన పడిందా, రామలింగాపురం అండర్ బ్రిడ్జి అయినా మాగుంట లేఅవుట్ అండర్ బ్రిడ్జి అయినా నీళ్లే. సంచులు పట్టుకుని చుట్టూ తిరిగి రావాల్సిందే. ఇంటి పక్కనే ఉంటే ఆఫీసు నుంచి వస్తూ రెండు వస్తువులు తెచ్చుకోవచ్చు.

మూడోవీధి_లక్ష్మి
@సరుకులసంచి అక్కా, నేను వద్దనలేదు. గేటు ఎటు పెడతారు అనేదే నా ప్రశ్న.

అంగడి_పిలకాయ
ఇన్నాళ్లూ చదవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. ఆ మూల నుంచి నాలుగో అంగడి మా నాయనది. కాబట్టి నా మాట ఒకవైపే ఉంటుంది, అలాగే చదవండి.

పెద్ద స్టోర్‌లో ధర తక్కువ ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. మేం సబ్బులు, టీపొడి, బిస్కెట్లు ఏజెన్సీ దగ్గర కొంటాం. పెద్ద స్టోర్ వాళ్లకు కంపెనీ నుంచి నేరుగా లోడు వస్తుంది. "రెండు కొంటే ఒకటి ఉచితం" ప్యాకెట్లు మా దాకా రానే రావు. 2025 సెప్టెంబరు 22న ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టుల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. తేదీ మారగానే వాళ్ల కంప్యూటర్‌లో రేటు మారిపోయింది. మా దగ్గర పాత రేటు ముద్రించిన సరుకు అలమారా నిండా ఉంది. కొన్న రేటు ఒకటి, వచ్చినవాళ్లు అడిగే రేటు ఇంకొకటి. పేపర్లో తగ్గిందని చదివి వచ్చిన మనిషికి ఏం చెప్తాం? మా నాయన ఏమీ చెప్పకుండా తగ్గించి ఇచ్చేశాడు.

అరువు సంగతి కూడా చెప్పాలి. బేల్దారి పనివాళ్లకు శనివారం కూలి వస్తుంది. సోమవారం నుంచి శుక్రవారం దాకా వాళ్ల ఇంట్లో పొయ్యి వెలిగేది మా పద్దు పుస్తకం మీదే. ఆ పుస్తకంలో ఇప్పుడున్న బాకీ వసూలైతే మా అక్క పెళ్లికి చేసిన అప్పు తీరుతుంది. నెలకు పెద్ద మొత్తంలో నగదుకు కొనేవాళ్లు సూపర్ మార్కెట్‌కు పోతారు. అరువుకు కొనేవాళ్లు మాత్రం మా దగ్గర మిగులుతారు. అప్పుడు వాళ్లకు అరువు ఇవ్వడానికి మా చేతిలో డబ్బు ఎక్కడిది? జనం ఈ ముక్క ఆలోచించరు.

సరుకులసంచి
అబ్బయ్యా, నీ మాట విని బాధనిపించింది. మీ నాయన మంచి మనిషి, కాదనను. కానీ నేను జీతం మీద బతికేదాన్ని. కందిపప్పు కిలో మీద పది ఇరవై తేడా వస్తే నెలకు ఎంతవుతుందో నాకు లెక్క ఉంటుంది.

బెంగళూరు_నుంచి_బాలాజీ
ఇందులో వాదన ఏముంది? పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లు వచ్చేశాయి. సూపర్ మార్కెట్ రాకపోయినా చిన్న అంగళ్లకు గడ్డుకాలమే. కనీసం స్టోర్ అయితే కళ్లతో చూసి కొనుక్కుంటాం, నలుగురికి ఉద్యోగం వస్తుంది.

మూలాపేట_అమ్మమ్మ
పది నిమిషాల్లో వచ్చేవాడికి ఫోన్లో చెప్పడం నాకు రాదు నాయనా. అంగడికి ఫోన్ చేసి "అర కిలో చింతపండు, నిరుటిది పంపించు" అంటే పంపిస్తాడు. నిరుటి చింతపండు అని యాప్‌లో ఎక్కడ నొక్కాలి?

పెన్నాగట్టు
అమ్మమ్మగారూ, చేపల పులుసు చేసే ఇంట్లోనే చింతపండుకు వయసు అడుగుతారు. ఏ రోజు చేస్తున్నారో చెప్తే చాలు, వచ్చేస్తాం.

మూలాపేట_అమ్మమ్మ
ఆదివారం. కొరమీను దొరికితే. మామిడికాయ ముక్కలు కూడా వేస్తాను, గిన్నె తెచ్చుకోండి.

టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్
విషయానికి వద్దాం. నేను టౌన్ ప్లానింగ్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. లక్ష్మిగారు అడిగిన గేటు ప్రశ్నే అసలు ప్రశ్న. వాణిజ్య భవనానికి అనుమతి ఇచ్చిన ప్లాన్‌లో దారి ఎటు, పార్కింగ్ ఎంత, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి అన్నీ గీసి ఉంటాయి. మన రాష్ట్ర భవన నిర్మాణ నియమాలు 2017లో వచ్చాయి. సెల్లారును పార్కింగ్‌కు వదలాలి. కానీ మన ఊళ్లో కట్టేటప్పుడు పార్కింగ్ అని చూపించి, తెరిచాక అక్కడే బియ్యం మూటలు, నూనె డబ్బాలు పెట్టేస్తారు. అప్పుడు బళ్లన్నీ వీధిలోకి వస్తాయి. గొడవ సూపర్ మార్కెట్ వల్ల మొదలవదు, సెల్లారు గోడౌన్ అయినప్పుడు మొదలవుతుంది.

మనం చేయగలిగింది ఏమిటంటే, పునాది దశలోనే సమాచార హక్కు చట్టం కింద మంజూరైన ప్లాన్ నకలు అడగడం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లాన్‌లో దారి బైపాస్ వైపు ఉండి, కట్టేది మన వీధి వైపు అయితే, ఆ తేడా మీద కార్పొరేషన్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. భవనం పూర్తయ్యాక, వాడుకోవచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర ఇంకో అవకాశం ఉంటుంది. అది దాటాక గోల చేస్తే ప్రయోజనం తక్కువ. అగ్నిమాపక శాఖ ఇచ్చే ఫైర్ ఎన్‌ఓసీ సంగతీ అడగండి. మూడు అంతస్తుల్లో అట్టపెట్టెలు, నూనె, అగరొత్తులు పెట్టే చోటికి ఫైరింజన్ తిరిగే జాగా ఉండాలి కదా.

నాలుగో_క్రాస్
సార్, మాట బాగుంది కానీ మన వీధిలో ఇళ్ల ముందు ర్యాంపులు కాలువ దాటి రోడ్డు మీదకు వచ్చాయి. కార్లు బయటే పెడతారు. వీధి ఇరుకవడానికి కారణం సూపర్ మార్కెట్ ఇంకా రాకముందే ఉంది. వాళ్లను రూల్ అడిగితే వాళ్లూ మన ర్యాంపులు చూపిస్తారు.

టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్
చూపించనీయండి. రెండూ తప్పే. ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని వదిలేయడం కుదరదు.

మూడోవీధి_లక్ష్మి
సార్, ప్లాన్ కోసం దరఖాస్తు నేను పెడతాను. ఎవరి పేరున పెట్టాలి?

టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్
నగరపాలక సంస్థలో పౌర సమాచార అధికారి పేరున. సర్వే నంబరు, ఇంటి నంబరు లేకపోతే స్థలం హద్దులు రాయండి. ముసాయిదా నేను రాసిస్తాను.

బుచ్చి_బియ్యం
బియ్యం మాటెత్తారు కాబట్టి ఒకటి చెప్తా. మాది బుచ్చిరెడ్డిపాళెం పక్కన పల్లె. నెల్లూరు జిల్లాలో వడ్ల కొలతకు పుట్టి అంటే 850 కిలోలు. కోతలప్పుడు పుట్టికి ఎంత పలికింది అని మా ఇంట్లో దినమంతా అదే మాట. అదే వడ్లు బియ్యమై, రంగు సంచిలో కూర్చుని, సూపర్ మార్కెట్ లైట్ల కింద వేరే పేరుతో కనిపిస్తాయి. ఊళ్లో చుట్టాలున్నవాళ్లు పాత బియ్యం మిల్లు నుంచే తెచ్చుకోండి. అన్నం పొడిపొడిగా వస్తుంది.

ఇంకో ముక్క. 25 కిలోల బస్తా కాస్తా 26 కిలోలు ఎందుకైందో గమనించారా? 2022 జూలై 18 నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పెట్టారు. ఒక కిలో ఎక్కువ పోస్తే ఆ పన్ను లేదు. అందుకని 26. సూపర్ మార్కెట్‌లో ఐదు, పది కిలోల సంచి కొంటే పన్ను కట్టినట్టే. అంగట్లో బస్తా విప్పి తూకం వేయించుకుంటే లేదు.

సరుకులసంచి
ఇది నాకు తెలియదు. మా ఇంట్లో ఇద్దరమే, 26 కిలోల బస్తా తెస్తే పురుగు పడుతుంది. అంగట్లో విడిగా తీసుకోవడమే మేలన్నమాట.

అంగడి_పిలకాయ
అక్కా, విడిగా ఇస్తాం. పురుగు రాకుండా వేపాకు కూడా ఇస్తాం.

పెన్షనర్_మామయ్య
అంగళ్ల గురించి మంచే చెప్తున్నారు. నా అనుభవం కూడా రాస్తాను. నేను వెళ్లిన ఒక అంగట్లో (ఈ పిలకాయది కాదు) తూకం రాయి అరిగిపోయింది. అడిగితే కోపం. వస్తువు మీద ముద్రించిన ధర కంటే రూపాయి ఎక్కువ, "కూలింగ్ చార్జీ" అని. బిల్లు అడిగితే వింతగా చూశాడు. సూపర్ మార్కెట్‌లో ధర రాసి ఉంటుంది, బిల్లు వస్తుంది, గడువు తేదీ తీరిగ్గా చూసుకోవచ్చు, ఎవరూ తొందరపెట్టరు. నా వయసులో అది పెద్ద మర్యాద. అందుకే నేను రావాలనే అంటాను. లోపల కూర్చోవడానికి నాలుగు కుర్చీలు వేస్తే ఇంకా మంచిది.

నాలుగో_క్రాస్
మామయ్యా, ఎంఆర్‌పీ దాటి అమ్మడం నేరం, ఎవరు చేసినా సరే. తూనికలు కొలతల శాఖకు చెప్పొచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినా తీసుకుంటారు. కానీ సూపర్ మార్కెట్ బిల్లు కూడా చూసుకోండి. షెల్ఫ్ మీద ఒక ధర, కౌంటర్‌లో ఇంకో ధర నాకు పడింది. సంచి డబ్బులు ముందు చెప్పకుండా బిల్లులో కలపడం తప్పని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020లోనే చెప్పింది.

పెన్షనర్_మామయ్య
నేను గుడ్డ సంచి తీసుకుపోతాను, ఆ బాధ లేదు.

బిల్లింగ్_కౌంటర్
ఉద్యోగాలు వస్తాయి అన్నారు కదా పైన, ఆ ముక్క నేను రాస్తాను. డిగ్రీ అయ్యాక ఇలాంటి ఒక స్టోర్‌లో బిల్లింగ్‌లో పనిచేశాను. ఎక్కడో చెప్పను. ఉద్యోగం వచ్చిన రోజు మా అమ్మ వీధంతా చెప్పుకుంది. ఏసీ, యూనిఫాం, నెలకు జీతం. ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు అది చిన్న విషయం కాదు, అందుకే సూపర్ మార్కెట్ వద్దు అని నేను అనలేను.

కానీ కౌంటర్‌లో స్టూలు ఉండేది కాదు. పొద్దున ఎక్కినప్పటి నుంచి రాత్రి దిగేదాకా నిలబడే. పండగ ముందు రోజుల్లో అన్నం తినడానికి పది నిమిషాలు. కాళ్ల నరాలు ఉబ్బిపోయి మానేసిన అక్కలు ఉన్నారు. లెక్కలో తేడా వస్తే జీతంలో కోత. పక్కనే తమిళనాడులో 2021లో అంగళ్లలో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కు ఇస్తూ చట్టం మార్చారు. కేరళలో అంతకు ముందే వచ్చింది. తడ దాటితే ఉన్న హక్కు మనకెందుకు ఉండకూడదు?

మీరు పిటిషన్ ఏదైనా రాస్తే ఇవి కూడా రాయండి. మన చుట్టుపక్కల ఆడపిల్లలకు ముందు అవకాశం ఇవ్వాలి. కౌంటర్‌లో స్టూలు ఉండాలి. నెలకు 21 వేల లోపు జీతానికి ఈఎస్‌ఐ ఉండాలి, 20 మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి. రాత్రి ఇంటికి వెళ్లేవాళ్లకు బండి ఏర్పాటు ఉండాలి. కొనేవాళ్లు అడిగితే యజమానులు వింటారు. మేం అడిగితే "రేపటి నుంచి రావద్దు" అంటారు.

మూడోవీధి_లక్ష్మి
అమ్మా, ఇది తప్పకుండా రాస్తాను. నాకు తట్టని విషయం.

బెంగళూరు_నుంచి_బాలాజీ
@బిల్లింగ్_కౌంటర్ చాలా బాగా చెప్పారు. స్టూలుకు ఎంత ఖర్చవుతుంది? అది కూడా వేయకపోవడం అన్యాయం.

ఆకుకూర_కట్ట
గోడవార కూర్చునే ఆకుకూరల ఆమె గురించి ఎవరూ మళ్లీ మాట్లాడలేదు. ఆమె తెల్లవారుజామున ఇందుకూరుపేట వైపు నుంచి ఆటోలో గోంగూర, చుక్కకూర, పొన్నగంటి కూర తెస్తుంది. పది గంటలకల్లా అమ్ముకుని వెళ్లిపోతుంది. ఇంకో చోట పెద్ద స్టోర్ తెరిచాక ఎదురుగా బండి పెట్టుకునే ఆయన్ని సెక్యూరిటీ వాళ్లు తరిమేయడం నా కళ్లతో చూశాను. రోడ్డు వాళ్లదా?

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే పూర్తి చేసి గుర్తింపు పత్రాలు ఇచ్చేదాకా వాళ్లను లేపకూడదని అందులో ఉంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో చూడ్డానికి టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి. ఆమెకు కార్డు ఉందో లేదో అడిగాను. ఎప్పుడో ఫొటో తీసుకుపోయారంట, కార్డు చేతికి రాలేదు.

పెన్నాగట్టు
ట్రాఫిక్ గురించి గోల పెట్టేది మీరే, రోడ్డు మీద అమ్మేవాళ్లు ఉండాలనేదీ మీరే. ఒకటి తేల్చుకోండి.

ఆకుకూర_కట్ట
ఆమె బుట్ట రెండడుగులు. లారీ పొడవు ఎంతో మీరే కొలవండి.

నాలుగో_క్రాస్
@పెన్నాగట్టు అన్నా, ఇద్దరికీ వేళ వేరు. ఆమె పదికి లేచిపోతుంది, స్టోర్ తెరిచేది పదికి. అసలు గొడవ లేదు. లారీ పొద్దున దిగితేనే గొడవ.

పెన్నాగట్టు
వేళ విషయం ఒప్పుకుంటా. లారీలు పగలు రాకుండా రాత్రి రమ్మనండి అయితే.

ఐదో_ఇల్లు
రాత్రా? ఆ గోడకు ఆనుకున్న ఇల్లు మాది! రాత్రి లారీ రివర్స్ హారన్, షట్టర్ చప్పుడు, దాని మీద జనరేటర్. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. మా నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదు. మీరు దూరం నుంచి తేలిగ్గా అనేస్తున్నారు.

పెన్నాగట్టు
మీ ఇల్లు అక్కడ అని తెలియదండీ. అయితే గేటు బైపాస్ వైపే ఉండాలి. నేనూ అదే అంటాను ఇక.

సరుకులసంచి
కల్యాణ మండపం ఉన్నప్పుడు డీజే రాత్రి పన్నెండు దాకా మోగేది. దానికంటే ఇది నయం కాదా?

ఐదో_ఇల్లు
ముహూర్తాలు లేనప్పుడు మండపం మూసి ఉండేది. స్టోర్ ఏడాదంతా ఉంటుంది.

మూలాపేట_అమ్మమ్మ
2015 నవంబరు వానలు గుర్తున్నాయా మీకు? వీధులన్నీ నీళ్లు. పాలు లేవు, కరెంటు లేదు. పెద్ద షాపులు మూసేశారు. మాకు అంగడతను మోకాలి లోతు నీళ్లలో కొవ్వొత్తులు, బ్రెడ్డు తెచ్చిచ్చి, డబ్బులు తర్వాత ఇవ్వమన్నాడు. 2020 లాక్‌డౌన్‌లోనూ అంతే. వయసైనవాళ్లు బయటికి రావద్దని గుమ్మం ముందు సరుకు పెట్టి పోయాడు. సూపర్ మార్కెట్‌కు పోండి, తప్పు లేదు. నెలలో సగం సరుకైనా అంగట్లో కొనండి. నేను మా కోడలికి ఇదే చెప్పాను.

బెంగళూరు_నుంచి_బాలాజీ
అమ్మమ్మగారి మాట బాగుంది, కానీ దయతో కొనమంటే ఎన్నాళ్లు కొంటారు? అంగళ్లు కూడా మారాలి. అంగడి_పిలకాయా, మీరు నలుగురైదుగురు అంగళ్లవాళ్లు కలిసి ఏజెన్సీ దగ్గర ఒకే ఆర్డర్ పెట్టి చూశారా? పెద్ద మొత్తం అయితే రేటు తగ్గిస్తారు.

అంగడి_పిలకాయ
స్టోన్‌హౌస్‌పేటలో హోల్‌సేల్ సరుకు అలా ఒకసారి తెచ్చాం. పప్పులు, నూనెల్లో కుదిరింది. కంపెనీ సరుకుల్లో కుదరదు, ఏరియాకు ఒక ఏజెన్సీ అని గీత గీసి ఉంటుంది. ఇంకోటి, డబ్బు ముందు ఎవరు పెట్టాలి అనే దగ్గర ఆగిపోతుంది. అయినా మళ్లీ మాట్లాడతాను. వాట్సాప్‌లో ఆర్డర్ ఇప్పుడే తీసుకుంటున్నాం, ఇంటికి ఉచితంగా పంపిస్తాం. ధరలు రాసి బోర్డు పెట్టమని మా నాయనతో చెప్పాను. పెన్షనర్ మామయ్య మాట చదివి వినిపిస్తే సరేనన్నాడు.

పెన్షనర్_మామయ్య
బిల్లు కూడా ఇస్తావా?

అంగడి_పిలకాయ
ఇస్తాను మామయ్యా. కుర్చీ కూడా వేస్తాను.

మూడోవీధి_లక్ష్మి
సోమవారం కార్పొరేషన్ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అర్జీ రాశాను. దారి బైపాస్ వైపు ఉండాలి, సెల్లారులో పార్కింగ్ తప్ప ఏదీ ఉండకూడదు, స్కూల్ వేళల్లోనూ రాత్రి పది తర్వాతా లారీ దిగకూడదు, జనరేటర్ ఐదో ఇంటి గోడ వైపు పెట్టకూడదు, గోడవార అమ్ముకునేవాళ్లకు కార్డులిచ్చి అక్కడే ఉంచాలి. పనిచేసేవాళ్ల విషయం కార్పొరేషన్ చేతిలో ఉండదని సార్ చెప్పారు. అది కార్మిక శాఖకు విడిగా రాశాను, కాపీ స్టోర్ యజమానికి ఇస్తాం. "ఈ అంశాలు తేలేదాకా నిర్మాణం ఆపాలి" అని చివర ఉంది. సంతకాలు కావాలి.

సరుకులసంచి
అన్నిటికీ పెడతాను సంతకం. ఆ "ఆపాలి" మాత్రం తీసెయ్యమ్మా. ఆపితే కోర్టుకు పోతారు, గోతిలో నీళ్లు నిలిచి దోమలు మనకు.

ఐదో_ఇల్లు
అది తీస్తే వాళ్లు పట్టించుకోరు. ఉండాల్సిందే.

టౌన్‌ప్లానింగ్_రిటైర్డ్
"మంజూరైన ప్లాన్‌కు భిన్నంగా జరిగే పని ఆపాలి" అని రాయండి. సక్రమంగా కట్టేదాన్ని ఆపమనే హక్కు మనకు లేదు, తప్పుగా కట్టేదాన్ని ఆపమనే హక్కు ఉంది.

ఐదో_ఇల్లు
అలా అయితే సరే.

సరుకులసంచి
నాకూ సరే. కానీ స్టోర్ తెరిచిన రోజు మొదటి బిల్లు నాదే, చెప్తున్నా.

మూడోవీధి_లక్ష్మి
మార్చాను. కాగితం అంగడి_పిలకాయ వాళ్ల అంగట్లో పెట్టాను, ఆదివారం సాయంత్రం దాకా అక్కడ సంతకం పెట్టొచ్చు. పేరు, ఇంటి నంబరు స్పష్టంగా రాయండి. సోమవారం పదింటికి వీధి మొదట్లో కలుద్దాం. సార్‌కి మోకాళ్ల నొప్పి కాబట్టి ఆటో మాట్లాడుతున్నాను, ఇంకా ఇద్దరికి చోటుంది.

బిల్లింగ్_కౌంటర్
ఆ చోటు ఒకటి నాకు ఉంచండి అక్కా, నేనూ వస్తాను.